చలికాలంలో హైదరాబాద్ గాలి ఎందుకు పాడవుతుంది? ఇల్లు చూసేటప్పుడు ఏం గమనించాలి?

మీరు అడిగింది ఇదీ. నిజాంపేటలో అద్దెకు ఉంటున్నారు. జులైలో ఫోన్‌లో 50 లోపు కనిపించిన ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే సూచిక) డిసెంబర్ వచ్చేసరికి 170 దాటుతోంది. రోడ్డు మీద బండ్లు అవే, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు అవే. పైగా హైదరాబాద్ ఎత్తైన పీఠభూమి మీద ఉన్న ఊరు, మరి చలి పడగానే గాలి ఎందుకింత పాడవుతుంది? పాపకు ఆ నెలల్లోనే ఆయాసం వస్తోంది కాబట్టి సొంత ఫ్లాట్ చూస్తున్నారు. ఉప్పల్ వైపు మేలా, కోకాపేట వైపు మేలా, ఎన్నో అంతస్తు తీసుకోవాలి?

ఈ ఊళ్లో గాలి నమూనాలు తీసి తూచడం చాలా ఏళ్లు నా ఉద్యోగం. పిల్ల ఆరోగ్యం, ఇంటి కొనుగోలు రెండూ ముడిపడిన విషయం కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందుగా అసలు కారణం. జులైకీ డిసెంబర్‌కీ మధ్య నగరం వదిలే పొగ మరీ అంతగా మారదు. చలిమంటలు, చెత్త తగలబెట్టడం కొంత పెరుగుతాయి, వానల్లో అణిగిన రోడ్డు దుమ్ము మళ్లీ లేస్తుంది. కానీ మూడు రెట్లు తేడా రావడానికి అవి చాలవు. మారేది ఆ పొగ కలిసిపోవడానికి దొరికే చోటు. ఎండుమిరపకాయల పోపు వేసేటప్పుడు వంటింటి కిటికీలు తెరిచి ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. తలుపులన్నీ బిగించి అదే పోపు వేస్తే ముందుగదిలో కూర్చున్నవాళ్లూ దగ్గుతారు. మిరపకాయలు అవే, మూకుడు అదే.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన ఆకాశంలో మబ్బు తక్కువ, గాలిలో తేమ తక్కువ, రాత్రిళ్లు గాలి దాదాపు కదలదు. పొద్దు గుంకగానే నేల తన వేడిని పైకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకుని ఉన్న గాలి దానితోపాటు చల్లబడుతుంది, పైనున్న గాలి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లగా ఉండాలి, ఇక్కడ అది తలకిందులవుతుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో ఉష్ణోగ్రతా విలోమం అని ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. అందులోకి వదిలిన పొగా లేవదు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు, రోజూ కొలిచి చూసేదే. బేగంపేటలో వాతావరణ శాఖ ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర పరిశీలనల కోసం రోజుకు రెండుసార్లు బెలూన్ ఎగరేస్తుంది. దానికి వేలాడదీసిన చిన్న పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం కిందికి పంపుతుంది. డిసెంబర్ ఉదయం వచ్చిన లెక్కలు గీసి చూస్తే, నేల మీది నుంచి మొదటి వంద నుంచి మూడు వందల మీటర్లు ఎక్కేదాకా ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది, ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది. ఆ మలుపు ఎంత ఎత్తులో ఉంటే ఆ ఉదయం ఊరి పొగకు అంతే ఎత్తు. అదే మే సాయంత్రం గీతలో నేల దగ్గర ఆ మలుపు ఉండదు, పొగ రెండు కిలోమీటర్లు దాటి పైకి కలిసిపోతుంది.

పొగ ఎంత పలచబడుతుందో తెలియాలంటే అది కలిసే ఎత్తును గాలి వేగంతో హెచ్చవేస్తే చాలు. ఒక చలి ఉదయం ఎత్తు 300 మీటర్లు, గాలి సెకనుకు 1 మీటరు అనుకోండి: 300. వేసవి మధ్యాహ్నం ఎత్తు 2,000, గాలి 4 మీటర్లు అనుకోండి: 8,000. ఇరవై అయిదు రెట్లకు పైగా తేడా. మరి ఏక్యూఐ ఇరవై అయిదు రెట్లు ఎందుకు పెరగదంటే, చలికాలంలోనూ పదకొండు గంటలకల్లా ఎండ నేలను వేడెక్కించి ఈ పొరను విరగ్గొడుతుంది. మధ్యాహ్నం నాలుగైదు గంటల పాటు ఊరు ఊపిరి తీసుకుంటుంది. సాయంత్రం ఆరు దాటాక మళ్లీ మొదలు.

మా పాత పద్ధతిలో సాంప్లర్‌లో, అంటే గాలి నమూనా తీసే యంత్రంలో, తెల్లటి గ్లాస్ ఫైబర్ కాగితం బిగించి గాలి లాగిస్తాం. ఎనిమిది గంటలకొకసారి కాగితం మారుస్తాం: ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తెల్లవారి ఆరు. తేమ పోయేలా ఆరబెట్టి, ముందు తూకానికీ తర్వాతి తూకానికీ తేడా చూస్తాం. తూకం వేయకముందే రంగు కాలాన్ని చెప్పేస్తుంది. జులై కాగితం లేత బూడిద రంగులో ఉంటుంది. ఏప్రిల్ కాగితం మట్టి రంగు. డిసెంబర్ కాగితం నలుపు, వేలు తగిలితే మసి అంటుతుంది. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసింది డిసెంబర్ రాత్రి కాగితమే. ట్రాఫిక్ సగానికి సగం పడిపోయిన వేళ నడిచిన ఆ కాగితం మధ్యాహ్నపు కాగితానికి ఏమాత్రం తీసిపోదు, చాలా రోజులు దానికంటే నల్లగా ఉంటుంది. పగలు భారీ లారీలకు నగరం లోపలికి అనుమతి ఉండదు. ట్రాఫిక్ కోసం అది సరైన ఏర్పాటే. కానీ దానివల్ల డీజిల్ లారీలు ఊళ్లోకి దిగేది పొగకు చోటు అతి తక్కువగా ఉండే వేళలో. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఊరు దాటిపోయే బండ్లు చాలావరకు బయటినుంచే పోతున్నాయి, లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది.

ఇక పీఠభూమి సంగతి. మీరన్నది నిజమే, అది మనకు పెద్ద వరం. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, చుట్టూ పెద్ద గోడలాంటి కొండలు లేవు. ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలు అడ్డు, చుట్టూ పంజాబ్ నుంచి బీహార్ దాకా ఒకే పల్లపు మైదానం, ఆ మైదానమంతా కలిసి పొగ వదులుతుంది. మన చలి అంత తీవ్రమూ కాదు. అందుకే అక్కడిలా రోజుల తరబడి 400 దగ్గర నిలిచిపోయే గాలి మనకు రాదు. కానీ ఢిల్లీతో పోల్చుకుని తృప్తిపడటం నాకు నచ్చదు. మనకు సముద్రం లేదు. చెన్నైకి రోజూ మధ్యాహ్నం సముద్రపు గాలి తగులుతుంది, మనకు తీరం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. విశాఖకు సముద్రం ఉన్నా కొండల మధ్య పోర్టు, పరిశ్రమలు ఇరుక్కుని ఉండటంతో దాని తిప్పలు దానివి. ప్రకృతి ఇచ్చిన చోటును బట్టి ఎంత పొగ వదలొచ్చో ప్రతి ఊరూ లెక్క చూసుకోవాలి. మనం ఆ లెక్క ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదని నా బాధ.

పైగా పీఠభూమి అంటే బల్లపరుపు కాదు. బంజారాహిల్స్ ఎత్తైన చోట్లు 670 మీటర్ల దాకా ఉంటాయి. అక్కడినుంచి మూసీ ఒడ్డుకు దిగితే వంద మీటర్లకు పైగా పల్లం. ఊరి మధ్య నుంచి పడమటి నుంచి తూర్పుకు పారే మూసీ చాదర్‌ఘాట్, అంబర్‌పేట, నాగోలు మీదుగా దిగిపోతుంది. చలిరాత్రి చల్లబడిన గాలి కూడా నెమ్మదిగా పల్లానికే జారుతుంది. వానాకాలంలో నీళ్లు ఏ నాలా వెంట దిగి ఏ కాలనీలో నిలుస్తాయో, చలికాలంలో చల్లగాలీ పొగా చాలావరకు అటే చేరతాయి. తెల్లవారుజామున గోల్కొండ కోట మీదికో, ఏదైనా గుట్ట మీదికో ఎక్కి తూర్పుకు చూస్తే పల్లంలో పరుచుకున్న బూడిద రంగు పొర కంటికే కనబడుతుంది. చాలామంది దాన్ని మంచు అనుకుంటారు. కొంత మంచే, కానీ తేమను పట్టుకుని ఉబ్బిన పొగ రేణువులు కూడా అందులో ఉంటాయి.

గాలి దిశ కూడా ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమటి నుంచి, బలంగా వీస్తుంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే గాలి కాబట్టి అసలే శుభ్రంగా ఉంటుంది. వాన గాలిని కడుగుతుందని అందరూ అంటారు. పెద్ద దుమ్ము విషయంలో అది నిజం. కానీ ఊపిరితిత్తుల లోతుకు పోయే పీఎం 2.5 లాంటి సన్న రేణువులను వాన చినుకులు అంత బాగా పట్టుకోలేవు. వానాకాలంలో మన గాలిని బాగు చేసేది ఎక్కువగా ఆ పడమటి గాలి వేగమే. అందుకే ఆగస్టులో వాన మొహం చాటేసి, గాలి కూడా పడిపోయిన రోజుల్లో అంకెలు మెల్లగా పైకి పాకుతాయి.

అక్టోబర్ మధ్యకు నైరుతి వెనుదిరుగుతుంది, గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వీయడం మొదలవుతుంది. అది మధ్య భారతం మీదుగా, భూమి మీదుగా వచ్చే గాలి. తనతో కొంత పొగను మోసుకునే వస్తుంది. మెల్లగా వీస్తుంది కాబట్టి నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు పరిశ్రమల పొగ ఊరి మీదికి జరుగుతుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన కాప్రా, సైనిక్‌పురి వైపు ఎక్కువగా తెలిసేదీ ఇలాంటి గాలిలోనే. సరిగ్గా ఈ మలుపులోనే దీపావళి వస్తుంది. ఆ అమావాస్య అక్టోబర్‌లో మబ్బు, గాలి ఉన్న రోజు పడితే మర్నాటికి పొగ పోతుంది, నవంబర్ మధ్యలో నిశ్చలమైన రాత్రి పడితే రెండు రోజులు వదలదు. చలికాలంలోనే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు పెడితే చూడండి, ఊరంతా ఒక్కసారిగా తేలికపడుతుంది. మబ్బు కప్పడంతో నేల వేడి పోదు, గాలి వేగం పెరుగుతుంది, ఇన్వర్షన్ ఏర్పడదు. ఆ రెండు రోజులూ బండ్లు, ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉంటాయి. గాలి ఒక్కటే మారుతుంది.

భోగి గురించి ఒక మాట. భోగి మంట నాకూ ఇష్టమే. కానీ తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలంటే పొగ కలిసే ఎత్తు అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ. పిడకలు, ఎండు కట్టెలు వేరు, పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేరు. అపార్ట్‌మెంట్ల మధ్య టైరు కాల్చే పని దయచేసి ఎవరూ చేయొద్దు.

వేసవికి వేరే లెక్క ఉంది, ఆయాసం ఉన్న పాప కోసం ఇది గుర్తుంచుకోవాలి. మార్చి నుంచి మే దాకా పొగ పైకి లేచిపోతుంది, కానీ ఎండిన నేల, తవ్విన రోడ్లు, కట్టడాల దుమ్ముతో పీఎం 10, అంటే కాస్త పెద్ద రేణువులు, పెరుగుతుంది. పైగా బండ్ల పొగలోని వాయువులు మండుటెండలో రసాయన చర్య జరిపి ఓజోన్ అవుతాయి. ఇది కంటికి కనబడదు, ఆకాశం నీలంగానే ఉంటుంది, కానీ ఊపిరి గొట్టాలను మండిస్తుంది. దీని ఉధృతి మధ్యాహ్నం. అమీర్‌పేట లాంటి రద్దీ కూడలి కంటే ఊరి శివార్లలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే రద్దీ రోడ్డు మీద అప్పుడే వెలువడే పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. కాబట్టి పాపను ఆడించే వేళలు రెండు కాలాల్లో తిరగబడతాయి. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మేలు, ఉదయం ఆరు, రాత్రి ఎనిమిది చెడ్డవి. ఏప్రిల్‌లో పొద్దున్నే మేలు, మధ్యాహ్నం వద్దు. చలికాలంలో తెల్లవారకముందే పార్కుకు పోయి గట్టిగా ఊపిరి పీల్చే పెద్దవాళ్లకు కూడా ఇదే చెబుతాను. చెట్ల మధ్య ఉన్నంత మాత్రాన ఆ వేళ గాలి శుభ్రంగా ఉండదు.

మీ ఫోన్ అంకె గురించి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) వాళ్ల ఏక్యూఐ ఆ క్షణంది కాదు. దుమ్ము రేణువుల విషయంలో అది గడిచిన 24 గంటల సగటు. ఉదయం ఏడింటికి బయట గాలి దారుణంగా ఉన్నా అంకె నింపాదిగా ఉండొచ్చు. కొన్ని ప్రైవేట్ యాప్‌లు అమెరికా స్కేలు వాడతాయి. ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన స్కేలులో 100, వాళ్ల స్కేలులో 150 దాటుతుంది. మీ 170 ఏ స్కేలుదో ముందు చూసుకోండి. మన జాతీయ ప్రమాణం పీఎం 2.5కు రోజుకు 60, ఏడాది సగటుకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టినవి 15, 5. ఏడాది సగటు చూపించి మన ఊరి గాలి ఫర్వాలేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. నాలుగు నెలల వాన గాలి చలికాలాన్ని ఆ సగటులో దాచేస్తుంది. ఆయాసం ఉన్న పిల్ల పీల్చేది సగటు గాలి కాదు, ఆ రాత్రి గాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. ఆ పనుల్లో రోడ్లు తడిపి ఊడవడం, చెత్త తగలబెట్టకుండా ఆపడం, కట్టడాలకు పరదాలు కట్టించడం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా సాయంత్రం ఆరు నుంచి ఉదయం తొమ్మిది మధ్య గట్టిగా చేస్తే, అదే ఖర్చుకు ఎక్కువ ఫలితం దక్కుతుంది.

నిజాంపేట, బాచుపల్లి ప్రాంతంలో చలిరాత్రుల్లో రసాయనాల వాసన వస్తుందని చాలామంది చెబుతారు. దగ్గర్లో బొల్లారం, జీడిమెట్ల పారిశ్రామిక వాడలు ఉన్నాయి. వాసన రాత్రిపూటే ఎందుకంటే, కారణం పైన చెప్పిందే. ఇంకో సంగతి, ఏక్యూఐలో చూసే ఎనిమిది కాలుష్యాల్లో సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో వాడే కరిగించే ద్రవాలు) ఆవిర్లు లేవు. అంకె మామూలుగా ఉన్నా మీ ముక్కు చెప్పేది అబద్ధం కాదు. వాసన వచ్చిన తేదీ, గంట, గాలి ఎటునుంచి వస్తోందో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మూడు వివరాలుంటే మూలం వెతకడం సులువు.

ఇక ఇల్లు. ఉప్పల్ వైపు పల్లం, మూసీ దిగువ, పక్కన పరిశ్రమలు. చలికాలం అక్కడ బరువుగా ఉంటుంది. కోకాపేట వైపు ఎత్తైన నేల, వానాకాలపు గాలి ముందుగా తగిలే వైపు. కానీ రాయి కొట్టడం, టవర్లు కట్టడం ఇంకా చాలా ఏళ్లు సాగేలా ఉంది, ఆ దుమ్మంతా పక్కింటికే. రెండింట్లో ఒకటి తేల్చమంటే నేను ఎత్తు నేలకే మొగ్గుతాను, అయితే ఎదురుగా ఖాళీ ప్లాట్లు లేని చోట. కానీ ఏ వైపు అన్నదానికంటే పెద్ద రోడ్డుకు ఎంత దూరం అన్నది ముఖ్యం. మెయిన్ రోడ్డును ఆనుకున్న ఫ్లాట్‌కీ, వంద రెండు వందల మీటర్లు లోపలున్న ఫ్లాట్‌కీ పొగలో బాగా తేడా ఉంటుంది. అంతస్తు సంగతి: రెండో అంతస్తు కంటే ఎనిమిదో అంతస్తులో రోడ్డు దుమ్ము తగ్గుతుంది, నిజమే. కానీ ఇన్వర్షన్ నుంచి తప్పించుకోలేరు. పదో అంతస్తు నేలకు 30 మీటర్లు, మలుపు వందా రెండు వందల మీటర్ల పైన. పై అంతస్తు కోసం చదరపు అడుగుకు అదనంగా కట్టే డబ్బు గాలి పేరుతో కట్టొద్దు.

ఇల్లు మారేలోగా, చలికాలంలో సాయంత్రం ఆరింటికి కిటికీలు మూసి, మర్నాడు పది పదకొండు దాటాక తెరవండి. మూసి ఉన్న గదిలో దోమల చుట్ట, అగర్‌బత్తి, సాంబ్రాణి వెలిగించొద్దు, బయటి పొగ ఆపి లోపల పొగ పెట్టుకున్నట్టవుతుంది. దోమతెర వాడండి. ఇన్‌హేలర్ ఎప్పుడు, ఎంత అన్నది నవంబర్ రాకముందే పాప డాక్టరుతో మాట్లాడి రాయించుకోండి, ఆయాసం మొదలయ్యాక పరుగెత్తడం వద్దు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ ఫ్లాట్ దగ్గరికి డిసెంబర్‌లో రెండుసార్లు వెళ్లండి, ఉదయం ఆరున్నరకు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. బిల్డర్లు చూపించేది ఎప్పుడూ ఎండ బాగా ఉన్న వేళలోనే. టెర్రస్ ఎక్కి నాలా ఎటుందో, చుట్టుపక్కల ఎక్కడ చెత్త తగలబెడుతున్నారో చూడండి. కుదిరితే చేతిలో పట్టే పీఎం 2.5 మీటరు ఎవరిదగ్గరైనా అడిగి తీసుకెళ్లి, ఇప్పుడున్న ఇంటి దగ్గరా, అక్కడా ఒకే రోజు, ఒకే గంటకు కొలవండి. వేర్వేరు రోజుల అంకెలు పోల్చొద్దు. డిసెంబర్ దాకా ఆగలేకపోతే నవంబర్ రెండో సగంలో మబ్బు, వాన లేని రోజు చూసుకుని వెళ్లినా చాలు.